ఒక్క చూడ్డానికి ఎన్ని మాటలో

"పాలు చూస్తూ ఉండవే త్రిపురా, పొంగిపోతాయి" అని చెప్పి అత్తగారు జ్ఞానప్రసూనాంబగారు పూజగదిలోకి వెళ్ళింది. త్రిపురసుందరి కుంపటి ముందు నిలబడి పాలు చూడసాగింది.

దీన్ని ఇంగ్లీషులో వాచ్ అంటారు, అనుకుంది. కళ్ళు తెరుచుకుని ఉన్నందుకు ఊరికే కనపడితే అది సీ. పనిగట్టుకుని కళ్ళు అటు తిప్పితే లుక్. ఏదో జరగబోతోంది, అది జరిగే క్షణానికి మనం అక్కడ ఉండాలి అని కనిపెట్టుకుని ఉండటం మాత్రం వాచ్. పాలు పొంగడం, ఎండబెట్టిన వడియాల మీద కాకి వాలడం, పాకే పిల్లాడు గుమ్మం దగ్గర బోర్లా పడటం, భోజనానికి కూర్చున్న మనిషి కంచంలో అన్నం అయిపోవడం. ఆ లెక్కన పెళ్ళయిన పన్నెండేళ్ళుగా తను చేస్తున్న ఉద్యోగం ఇదే. బ్యాంకు గుమ్మంలో ఇదే పని చేసే మనిషికి ఖాకీ బట్టలిస్తారు, టోపీ ఇస్తారు, కూర్చోమని స్టూలు కూడా వేస్తారు. కోడలికి స్టూలు ఎవరు వేస్తారు?

ఆ ఊహకి ఆమెకి నవ్వొచ్చింది. నవ్వుకుంటూ ఉండగానే పాలు అంచుదాకా లేచాయి. చటుక్కున చెంగుతో పట్టుకుని గిన్నె దించింది. మనసు ఎక్కడెక్కడ తిరిగినా సమయానికి కుంపటి దగ్గరికి వచ్చేయడం దానికి అలవాటైపోయింది. ఆ ఇంట్లో ఇంతవరకూ ఒక్కసారి కూడా పాలు పొంగిపోలేదు.

ఈ మాటల పిచ్చి ఆమెకి తండ్రి నుంచి అంటుకుంది. ఆయన కూచిపూడి పక్క పల్లెలో ఇంగ్లీషు మేష్టారు. "రెండు మాటలకి ఒకటే అర్థం అని ఎవరన్నా చెబితే నమ్మకమ్మా. అర్థం ఒకటే అయితే రెండో మాట దండగ కదా" అనేవాడు. గుంటూరులో బి.ఏ. చదివినన్నాళ్ళూ ఆమె ఇదే ఆటగా ఆడుకుంది. పెళ్ళై బెజవాడ వచ్చాక ఆడుకోడానికి తోడు లేక, మాటల్ని ఒక్కొక్కటే తెచ్చి ఇంటిపనికి జత చేసుకోవడం మొదలుపెట్టింది. సిటీ బస్సులో మగవాళ్ళు చూసేది స్టేర్. చారులో ఉప్పెక్కువైన రోజు అత్తగారు చూసేది గ్లేర్. భర్త స్నేహితులు ముందుగదిలో నాటకాల గురించి వాదించుకుంటుంటే కర్టెన్ సందులోంచి తను చూసేది పీప్. పెళ్ళైన కొత్తలో తిరుపతి నుంచి వస్తూ, రైలు కృష్ణ వంతెన మీద ఉండగా, కింద ఇసుకతిన్నె మీద ఎవరో ఆడమనిషి ఒక్కతే కూర్చుని జుట్టారబెట్టుకుంటూ కనపడింది. రెప్ప వేసి తెరిచేలోగా వంతెన దూలం అడ్డొచ్చింది. అది గ్లింప్స్. అంత చిన్న చూపుని ఆమె ఇన్నేళ్ళుగా దాచుకుంది. ఆ మనిషి ఎవరో, అంత తీరిక ఆమెకెలా వచ్చిందో, జుట్టు ఆరాక లేచి ఎక్కడికి వెళ్ళిందో!

గేజ్ అనే మాట ఒకటి మిగిలింది. చూస్తూ చూస్తూ మనల్ని మనం మరిచిపోతే అది గేజ్. అంత తీరిక ఆ ఇంట్లో ఎవరికీ లేదు. మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యి, అంట్లు తోమే బుల్లెమ్మ వచ్చేలోపల దొరికే కాస్త సమయంలో, పక్కగది కిటికీ దగ్గర కూర్చుని ఏలూరు కాలవని అలా చూసుకునేది త్రిపుర. ఇప్పుడు మే నెల. కాలవలు కట్టేశారు. అడుగున బురదా, అక్కడక్కడా మడుగులూ, మడుగుల్లో కొంగలూ. జూన్‌లో బ్యారేజీ దగ్గర నీళ్ళొదిలితే ఎర్రటి నీరు కొత్తగా, చప్పుడు లేకుండా, గట్టు పక్క గడ్డిని తడుపుకుంటూ వస్తుంది. ఆ మొదటి నీటిని చూడాలని ఆమెకి ఏటా ఆశ. ఏటా అది ఆమె వంటింట్లో ఉన్నప్పుడే వచ్చి వెళ్ళిపోయేది.

ఆ రోజు ఆదివారం. ఆడపడుచు సుబ్బరత్నానికి సాయంత్రం పెళ్ళిచూపులు. పిల్లలిద్దర్నీ సెలవులకని తాతగారి ఊరు పంపేశారు కాబట్టి ఇల్లు నిమ్మళంగానే ఉంది. పెళ్ళికొడుకు రామకోటేశ్వరరావు ఉయ్యూరు పంచదార ఫ్యాక్టరీలో కెమిస్టు. అతనితోబాటు తల్లీ, మేనమామా వస్తున్నారు. సంబంధం తెచ్చిన పెళ్ళిళ్ళ పేరయ్య ఎలాగూ వస్తాడు. ఆ మేనమామ రిటైరైన తాసీల్దారు, ఇంగ్లీషంటే చెవి కోసుకుంటాడు. పిల్లకి ఇంగ్లీషు వచ్చా అన్నదే ఆయన పట్టుదలట.

ఆ మాట వినగానే త్రిపుర మొగుడు రామ్మూర్తి చిరునవ్వు నవ్వాడు. ఆయన బెజవాడలోనే ఒక కాలేజీలో ఇంగ్లీషు లెక్చరరు. "అయితే ఆ ప్రశ్నే అడగమని చెప్పండి పేరయ్యగారూ" అన్నాడు.

ఆ ప్రశ్న ఆ ఇంట్లో పెద్ద కథ. పన్నెండేళ్ళ కిందట రామ్మూర్తి త్రిపురని చూడ్డానికి వెళ్ళినప్పుడు, కొత్తగా ఉద్యోగంలో చేరిన హుషారులో, "సీకీ, లుక్‌కీ, వాచ్‌కీ తేడా ఏమిటో చెప్పగలరా?" అని అడిగాడు. తలొంచుకుని కూర్చున్న పిల్ల గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. సంబంధం అక్కడికక్కడే ఖాయమైపోయింది. ఇంటికి ఎవరొచ్చినా జ్ఞానప్రసూనాంబగారు ఈ ముచ్చట చెప్పకుండా కాఫీ ఇవ్వదు. "మా కోడలు అందరిలాగా వట్టినే రాలేదమ్మా, పరీక్ష పాసై వచ్చింది" అంటుంది. పక్కనే నిలబడ్డ కోడలు కాఫీ గ్లాసులు అందిస్తూ ఉంటుంది. కాలేజీ వాళ్ళొస్తే రామ్మూర్తి కూడా, "మా ఆవిడదీ ఇంగ్లీషు బి.ఏ.నే. డికాక్షన్ మాత్రం ఫస్టు క్లాసు" అంటాడు. వాళ్ళు నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది. అన్ని పరీక్షలకీ తర్వాత చదువు ఉంటుంది, ఈ పరీక్షకి మాత్రం తర్వాత డికాక్షనే ఉంది.

ప్రశ్నపత్రం ముందే బయటికి పొక్కిందంటే మండిపడే లెక్చరరుగారు, చెల్లెలి విషయంలో తనే దగ్గరుండి పొక్కించాడు. తాసీల్దారుగారు కూడా, ప్రశ్న తనకే తట్టిందన్నట్టు అడగడానికి ఒప్పుకున్నారట. ఇక సుబ్బరత్నం చెప్పాల్సిన జవాబు తయారు చెయ్యడం త్రిపుర పని. వారం రోజులుగా ఇంట్లో రిహార్సల్సే. రామ్మూర్తి తాసీల్దారులాగా గొంతు మార్చి అడిగేవాడు. సుబ్బరత్నం చాప మీద కూర్చుని చెప్పేది. అత్తగారు గుమ్మంలో నిలబడి సరిదిద్దేది. "తల దించు సుబ్బులూ. ఇంకొంచెం. మరీ గడగడా చెప్పకు, తడుముకోకు. వచ్చినట్టు ఉండాలి, వచ్చునన్న పొగరు ఉండకూడదు."

రిహార్సల్సు చూస్తున్నకొద్దీ త్రిపురకి ఏదో దిగులు పట్టుకుంది. అది సుబ్బులు గురించో తన గురించో తేల్చుకోలేకపోయింది. దానికి తోడు నాలుగు రోజుల కిందట తెరేసమ్మ వచ్చి వెళ్ళింది.

తెరేసమ్మ గుంటూరులో త్రిపుర క్లాస్‌మేటు. గుణదలలో ఉంటుంది, అక్కడికి దగ్గర్లోనే ఒక కాన్వెంటు బడిలో టీచరు. మూడేళ్ళుగా ప్రతి మే నెలా వచ్చి అడుగుతోంది. ఈసారి గడప దిగుతూ, గొంతు తగ్గించి, "చూడవే త్రిపురా, ఇంగ్లీషు టీచరు మానేసింది. నీ పేరు మదర్‌గారికి నేనే చెప్పా. సోమారం పొద్దున్న పదింటికల్లా నువ్వొచ్చి కనపడాలి. రాకపోతే ఏలూరు నుంచి ఇంకొకామె కాసుక్కూర్చుంది. మళ్ళీ అడగడానికి నాకు మొహం చెల్లదు" అంది.

సోమవారమంటే రేపే.

తెరేసమ్మ వెళ్ళిన సాయంత్రమే త్రిపుర భర్తని అడిగింది. ఆయన పేపరు మడత మార్చి, ఆమె వైపు ఒకసారి తల తిప్పి, "సుబ్బులు పెళ్ళి కానీ, చూద్దాం" అన్నాడు. మొదటి ఏడాది అడిగితే, చిన్నాడు బడికి వెళ్ళనీ, చూద్దాం అన్నాడు. రెండో ఏడాది, అమ్మ కంటి ఆపరేషన్ కానీ, చూద్దాం అన్నాడు. ఆయన ఎప్పుడూ వద్దనలేదు. వద్దంటే పోట్లాడొచ్చు, ఏడవొచ్చు, రెండ్రోజులు మాట్లాడటం మానేయొచ్చు. ఈ చూద్దాంతో ఎవరు పోట్లాడగలరు? దానికి ఇంగ్లీషులో ఏ మాట సరిపోతుందా అని ఆమె ఎంతో వెతికింది. అన్ని మాటల్లోనూ ఎక్కడో అక్కడ కళ్ళు తెరిచే ఉన్నాయి.

రామ్మూర్తి చెడ్డవాడేం కాదు. ఇన్నేళ్ళలో చెయ్యెత్తలేదు, పుట్టింటి వాళ్ళని ఒక్క మాట అనలేదు. కాలేజీ పిల్లలు రాసిన వ్యాసాల కట్ట తెచ్చి, "నువ్వు కాస్త చూసి పెట్టు, నాకు తలనొప్పిగా ఉంది" అంటే, అన్నీ దిద్ది కింద ఆయన సంతకానికి జాగా వదిలి పెడుతుంది. తలనొప్పి నిజమే కావచ్చు. ఆయన చూపుకి మాత్రం ఆమె ఎప్పుడో పేరు పెట్టేసింది. గ్లాన్స్. టైమెంతైందో తెలుసుకోడానికి గోడ గడియారం వైపు తల తిప్పుతామే, అది. గడియారం ఉందా, నడుస్తోందా, చాలు. దాని ముఖం ఎలా ఉందో ఎవరు చూస్తారు? పసుపు కొమ్ము రంగు చీర కొత్తది కట్టుకున్నా, జ్వరంతో కళ్ళు ఎర్రబడినా, ఆ చూపు అంతే సేపు ఆగేది. ఈ సంగతి తలుచుకుని ఆమె ఒకప్పుడు ఏడ్చేది. తర్వాత్తర్వాత, నిజం చెప్పొద్దూ, మాట సరిగ్గా కుదిరినందుకు సంతోషించడం మొదలుపెట్టింది. ఆ సంతోషమే ఎక్కువ బాధాకరం.

మధ్యాహ్నం భోజనాలయ్యాక సుబ్బరత్నాన్ని పక్కగదిలో కిటికీ దగ్గర కూర్చోబెట్టి జడ వేస్తోంది త్రిపుర. ఎండకి కాలవ గట్టు తెల్లగా మెరుస్తోంది. దూరంగా రైలు కూత వినపడింది. సుబ్బరత్నానికి ఇరవై రెండేళ్ళు, పెళ్ళంటే భయమూ లేదు, మోజూ లేదు. జవాబు మళ్ళీ ఒకసారి గొణుక్కుని, ఉన్నట్టుండి అడిగింది.

"వదినా, అన్నయ్యని మొదటిసారి చూసినప్పుడు నీకేమనిపించింది?"

"చూళ్ళేదు."

"అదేంటి! ఆ ప్రశ్న అడిగినప్పుడు?"

"తలొంచుకుని ఉన్నాగా. మా అమ్మ వెనకనించి నా జడ పట్టుకుని ఉంది, పొరపాటున తలెత్తుతానేమోనని. చాప మీద నెమళ్ళ బొమ్మలు చూస్తూ చెప్పాను. మీ అన్నయ్య కాలి బొటనవేలు మాత్రం కనపడింది. గోరు కొంచెం చిట్లి ఉంది."

సుబ్బరత్నం కిసుక్కున నవ్వి, వెంటనే ఆపేసింది. "మరి నచ్చాడని ఎలా చెప్పావు?"

"నన్నెవరడిగారు?"

త్రిపుర చేతిలో జడ ఆగిపోయింది. ఈ కథ ఇంట్లో ఎన్నిసార్లు చెప్పి ఉంటారో. అందులో ఆయన అడగడం ఉంది, తను చెప్పడం ఉంది, అందరూ మెచ్చుకోవడం ఉంది. చూడటానికి ఉన్న మాటలన్నిటికీ తేడా చెప్పిన పిల్ల ఆ పూట ఎవర్నీ చూడలేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ఆమెకే తట్టలేదు. జీలకర్రా బెల్లం పెట్టాక తెర తీసినప్పుడు మొదటిసారి ఆ ముఖం కనపడింది. కనపడింది, అంతే. సాంబ్రాణి పొగకి కళ్ళు మండుతున్నాయి. అప్పటికి చూసి చెప్పడానికి ఏం మిగిలిందని?

కిటికీలోంచి వేడిగాలి కొట్టింది. ఎందుకో ఆమెకి చిన్నప్పుడు నాన్నతో కలిసి కూచిపూడిలో చూసిన ఆటలు గుర్తొచ్చాయి. ఆడవేషాలు మగవాళ్ళే కట్టేవాళ్ళు. పగలు అంగట్లో వక్కాకు కొనుక్కుంటూ, బొజ్జ మీద కండువా వేసుకుని కనపడే పెద్దాయన, సాయంత్రం జడ వేసుకుని, నగలు పెట్టుకుని, తెర మీద చెయ్యి వేసి నిలబడేవాడు. తెర దిగేది. అప్పుడు ఆయన రెప్పలు మెల్లిగా పైకెత్తి, ఆ చివర కూర్చున్న కరణంగారి నుంచి ఈ చివర కూర్చున్న షావుకారు దాకా మగాళ్ళందర్నీ ఒక్కొక్కరినే, తీరిగ్గా, నిండుగా చూసేవాడు. జనం ఊపిరి బిగబట్టేవాళ్ళు. "ఆడదంటే అలా చూడాలయ్యా!" అని మెచ్చుకునేవాళ్ళు. మర్నాడు పోస్టుమాను మొహంలోకి చూసి ఉత్తరం అందుకున్నందుకు త్రిపుర వీపు మీద అమ్మ ఒక్కటిచ్చింది. ఆడదాని చూపు ఎంత గొప్పదో ఊరందరికీ తెలుసు, కానీ అది మగవాడు చూస్తేనే చెల్లుతుంది.

"సుబ్బులూ" అంది త్రిపుర, జడ మళ్ళీ అల్లుతూ. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "జవాబు మర్చిపోయినా ఏం పర్లేదు. నీకు అతన్ని చూడాలనిపిస్తే తలెత్తి చూడు. నీకు చాలు అనిపించేదాకా చూడు."

"అమ్మ చంపేస్తుంది వదినా."

"మీ అమ్మ నన్ను చంపుతుందిలే. నువ్వు చూడు."

నాలుగింటికి రెండు రిక్షాల్లో వాళ్ళు దిగారు. ముందుగదిలో కుర్చీలు వేసి ఉన్నాయి. కేసరి, అరటికాయ బజ్జీలు, మంచినీళ్ళు. తాసీల్దారుగారు పొడుగాటి మనిషి, మాట్లాడే ముందు ప్రతిసారీ గొంతు సవరించుకుంటారు. పెళ్ళికొడుకు తల్లి చీర కొంగు భుజం చుట్టూ కప్పుకుని, ఇల్లంతా ఒకసారి కళ్ళతో కొలిచి కూర్చుంది. రామ్మూర్తి ఉయ్యూరు ఎండల గురించీ చెరుకు గురించీ ఏదో మాట్లాడుతున్నాడు. సుబ్బరత్నాన్ని తీసుకొచ్చి చాప మీద కూర్చోబెట్టి, త్రిపుర వెనక కూర్చుంది. ఆనవాయితీ ప్రకారం జడ మీద చెయ్యి వేయాల్సింది తనే. ఆమె రెండు చేతులూ తన ఒళ్ళో పెట్టుకుంది.

పేరు, చదువు, కుట్లూ అల్లికలూ అయ్యాయి. తాసీల్దారుగారు గొంతు సవరించుకున్నారు. రామ్మూర్తి ఒక కాలు మీద రెండో కాలు వేసుకుని వెనక్కి వాలాడు.

"అమ్మాయ్, ఇప్పుడే తట్టింది నాకు. సీ అంటాం, లుక్ అంటాం, వాచ్ అంటాం. వీటికి తేడా చెప్పగలవా?"

సుబ్బరత్నం తలెత్తింది.

మొదట తాసీల్దారుగారిని చూసింది. ఆయన ప్రోత్సాహంగా తలాడించారు. తర్వాత ఆమె చూపు పక్క కుర్చీలో ఉన్న పెళ్ళికొడుకు మీదికి వెళ్ళి అక్కడ ఆగింది. అంతవరకూ అతనే ఆమెని చూస్తూ కూర్చున్నాడు, కాబట్టి కళ్ళు సూటిగా కలిశాయి. అతను గబుక్కున బజ్జీల పళ్ళెం వైపు చూశాడు. మళ్ళీ తలెత్తేసరికి ఆమె ఇంకా చూస్తూనే ఉంది. అతని చెవులు ఎర్రబడ్డాయి. చొక్కా గుండీ సర్దుకున్నాడు. గుమ్మం అవతలి నుంచి జ్ఞానప్రసూనాంబగారి గాజులు ఒకటికి రెండుసార్లు గట్టిగా మోగాయి. వెనక కూర్చున్న త్రిపురకి సుబ్బులు ముఖం కనపడటం లేదు, నిటారుగా లేచిన మెడ మాత్రం కనపడుతోంది. ఆ మెడ మీద చెమట బొట్టొకటి మెల్లిగా దిగుతోంది. ఆపొచ్చు. జడ కొంచెం లాగితే చాలు, ఆ తల మళ్ళీ కిందికి దిగుతుంది. లాగలేదు.

"అమ్మాయి చెప్పట్లేదేం?" అన్నారు తాసీల్దారుగారు.

"చూస్తున్నానండీ" అంది సుబ్బరత్నం. "అయ్యాక చెప్తాను."

పెళ్ళికొడుకు తల్లి మూతి మీద చెయ్యి పెట్టుకుంది. రామ్మూర్తి కాలు కిందికి దిగింది. పేరయ్య దగ్గొచ్చినట్టు దగ్గాడు. అప్పుడు రామకోటేశ్వరరావు, అక్కడికి వచ్చాక మొదటిసారి నోరు తెరిచి, "చూడనివ్వండి మామయ్యా" అన్నాడు. ఆ మాట అన్నాక అతను ఇటూ అటూ చూడలేదు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ఫోటో స్టూడియోలో కూర్చున్నట్టు బుద్ధిగా కూర్చుని, చూడనిచ్చాడు.

ఎంతసేపో త్రిపురకి తెలియలేదు. వీధిలో ఐస్‌ఫ్రూట్ బండి గంట మోగుతూ వచ్చి, మోగుతూ వెళ్ళిపోయింది. తర్వాత సుబ్బరత్నం తల తిప్పుకుని, నేర్చుకున్న జవాబు ఒక్క తప్పు లేకుండా చెప్పింది. అప్పటికి అది ఎవరి చెవికీ ఎక్కలేదు.

వెళ్ళేటప్పుడు పెళ్ళికొడుకు తల్లి, "మేం కబురు చేస్తాం" అంది ముక్తసరిగా. "అలాగేనండీ, నేను కూడా చెప్పి పంపిస్తాను" అంది సుబ్బరత్నం. ఆ అమ్మాయికి ఆ పూట ఏదో పూనింది. రిక్షా మలుపు తిరుగుతుంటే రామకోటేశ్వరరావు ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు.

రిక్షాలు కనుమరుగవగానే ఇల్లు భగ్గుమంది. "గుడ్లప్పగించి చూస్తుందా, సంతలో ఎద్దుని చూసినట్టు! రేపు ఉయ్యూరంతా చెప్పుకుంటారు" అని జ్ఞానప్రసూనాంబగారు నెత్తి కొట్టుకుంది. సుబ్బరత్నం పక్కగదిలోకి వెళ్ళి, వెనకే వచ్చిన వదిన చెయ్యి పట్టుకుని, "కనుబొమ మీద చిన్న మచ్చ ఉంది వదినా. పాపం, భయపడ్డాడు. భయపడి కూడా అలాగే కూర్చున్నాడు" అంది. ఆ పిల్ల కళ్ళు మెరుస్తున్నాయి. త్రిపురకి దుఃఖం పొంగుకొచ్చింది. అది సంతోషం లాంటి దుఃఖం. ఇంత చిన్న సంగతా! ఒక మనిషి కనుబొమ మీద మచ్చ ఉందో లేదో, భయపడితే ఎలా ఉంటాడో, ఇంతేనా తను పన్నెండేళ్ళ కిందట తెలుసుకోవలసింది?

"త్రిపురా!" అని ముందుగదిలోంచి పిలుపు వచ్చింది.

అత్తగారు సాయంత్రం పాలు కుంపటి మీద పడేసి, విసురుగా పూజగదిలోకి పోయింది. రామ్మూర్తి ఖాళీ కుర్చీల మధ్య నిలబడి ఉన్నాడు. "ఏం నేర్పావు దానికి? నేను నేర్పమన్నదేంటి, నువ్వు నేర్పిందేంటి? అర్థాలు నేర్పమంటే పొగరు నేర్పావు. వెనక కూర్చున్నదానివి, ఒక్కసారి జడ లాగి ఉంటే సరిపోయేది కదా. నీకేం, హాయిగా చూస్తూ కూర్చున్నావు..."

ఇంకా ఏదో అంటున్నాడు. త్రిపుర వచ్చి, ఇందాక పెళ్ళికొడుకు కూర్చున్న కుర్చీ ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంది. ఆ ఇంట్లో ముందుగది కుర్చీలో ఆమె కూర్చోవడం అరుదు. కూర్చుని తలెత్తి ఆయన్ని చూడటం మొదలుపెట్టింది.

ఈయనా! చెవుల పైన జుట్టు నెరిసింది. ఎప్పుడు నెరిసింది? ఎడమ కన్ను కుడి కన్ను కంటే కొంచెం చిన్నది. గడ్డం కింద ఒక పుట్టుమచ్చ, దాని మీద గీసుకోని వెంట్రుక ఒకటి. అరిచేటప్పుడు నుదుటి మీద నరం లేస్తోంది, కానీ కళ్ళల్లో కోపం లేదు. కళ్ళల్లో ఉన్నది బెదురు. నలుగురిలో జవాబు తప్పిపోయిన కుర్రాడి బెదురు. ఈయన అందగాడే. ఈయన అలిసిపోయాడు కూడా. ఒకవేళ ఆ రోజు తలెత్తి చూసి ఉంటే నచ్చేవాడేనేమో. నచ్చి ఉంటే ఈ పన్నెండేళ్ళూ ఇంకోలా ఉండేవేమో, నచ్చకపోయి ఉంటే అసలు ఉండేవే కావేమో. ఆమె జాలిపడలేదు, కోపగించుకోలేదు. నీటి అడుగున ఉన్నదాన్ని చూస్తున్నట్టు, నీరు తేరుకునేదాకా ఆగి ఆగి చూస్తోంది. ఈ చూపుకి పేరు వెతకాలని ఆమెకి అనిపించలేదు.

రామ్మూర్తి మాట మధ్యలో తడబడ్డాడు. ఆమె వైపు తల తిప్పి, అలవాటు ప్రకారం తిప్పుకోబోయి, తిప్పుకోలేకపోయాడు.

"ఏంటలా చూస్తున్నావు?"

"అప్పుడు చూళ్ళేదు కదండీ. ఇప్పుడు చూస్తున్నాను."

ఆయన చెయ్యి తెలియకుండానే చొక్కా గుండీ మీదికి వెళ్ళింది. మెల్లిగా ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు. కిటికీలోంచి ఏటవాలుగా పడుతున్న ఎండలో దుమ్ము తేలుతోంది. ఆమెకి ఆ గదీ, ఆ కుర్చీలూ, ఆ మనిషీ అన్నీ తెర తీశాక కనపడే వాటిలా కొత్తగా ఉన్నాయి.

"రేపు పొద్దున్న పదింటికి తెరేసమ్మ వాళ్ళ బడికి వెళ్తున్నాను. జూన్ నుంచి పాఠాలు చెప్తాను" అంది.

"ఈ గొడవలోనా! ముందీ సంబంధం సంగతి తేలనీ, తర్వాత చూ..."

ఆ మాట ఆయన నోట్లోనే ఆగింది. ఆమె ఇంకా ఆయన్నే చూస్తోంది.

వంటింట్లోంచి చుర్రుమన్న చప్పుడు, వెంటనే మాడిన పాల వాసన. "పాలు పొంగిపోతున్నాయి! ఎవరూ చూడట్లేదా?" అని పూజగదిలోంచి అత్తగారి కేక.

త్రిపుర లేవలేదు. లేవడానికి ఆమె కాళ్ళు సిద్ధమయ్యాయి కూడా, అంత అలవాటు వాటికి. వాటిని ఆపింది. అప్పుడు రామ్మూర్తి, ఆ చూపు కింద కూర్చోలేక, "నేను చూస్తాలే" అని గొణిగి, లేచి వంటింట్లోకి వెళ్ళాడు.

గిన్నె ఎలా దించాలో తెలియక ఆయన చెయ్యి కాల్చుకుని అబ్బా అనడం వినపడింది. త్రిపురసుందరి కుర్చీ కిటికీ వైపు తిప్పుకుంది. అక్కణ్ణించి కూడా కాలవ కొంచెం కనపడుతుంది, అందులో ఇంకా నీళ్ళు లేవు. అయినా వచ్చే వైపే చూస్తూ కూర్చుంది.